సంగీతము కూడు పెట్టునా? – మాండొలిన్ శ్రీనివాసు గారి వృత్తిజీవితము



బిడ్డ గొంతు శ్రావ్యముగా నున్నదనియో, వ్రేళ్లు చుఱుకుగా నాడుచున్నవనియో ఎవరైన నన్నచో తల్లి మొదట సంతోషించును, మఱునిమిషముననే “సంగీతము కూడు పెట్టునా?” యని యడుగును. ఈ ప్రశ్నను విని నవ్వరాదు. బియ్యపు డబ్బాలో చేయి పెట్టి నెలాఖరు వఱకు వచ్చునో రాదో చూచుకొనునది తల్లియే కదా! మేము ఒక బడిపంతులు గారి యిల్లాలము. నెలజీతము వచ్చు కుటుంబపు నిబ్బరమును మాకు తెలియును, దాని యిరుకును మాకు తెలియును. ఎప్పుడు పిలుపు వచ్చునో, ఎంత ముట్టునో తెలియని కళావృత్తి యన్నచో గృహిణులు జంకుట సహజమే. కావున ఈ ప్రశ్నను వట్టిమాటలతో తేల్చివేయక, నిజముగా జరిగిన యొక జీవితమును ముందుంచుకొని విచారింప దలచితిమి.

ఇట్టి ప్రశ్న మా మొవ్వలో పుట్టుట యొక విధముగా వింతయే. మువ్వగోపాలుని ముద్రతో పదములు రచించిన క్షేత్రయ్య యీ యూరివాడే యని తరతరముల ప్రతీతి. ఆయన 17వ శతాబ్దివాడు. ఒక్క ప్రభువు నీడనే కూర్చుండక క్షేత్రములు తిరిగి, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువునను, గోలకొండ కొలువునను తన విద్యను వినిపించెనని చెప్పుదురు. వేలకొలది పదములు రచించెనని ప్రసిద్ధి. నేడు దొరకునవి కొన్ని వందలు మాత్రమే. మా ప్రక్కనున్న కూచిపూడి భాగవతులు మేళములు కట్టి, ఊరూర దిగి, ఆడి పాడి జీవించిరి. కృష్ణాతీరమున శ్రీకాకుళ గ్రామమున బుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారియొద్ద నేర్చి, పిదప విజయవాడలో శిష్యులను జేరదీసి పాఠములు చెప్పిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ యింటి శిష్యులే. ఇట్లు కచేరి యొక కాడియెద్దుగా, పాఠము రెండవ కాడియెద్దుగా బండి లాగుట మన సీమ విద్వాంసులకు క్రొత్త కాదు.

పాశ్చాత్యదేశములలో నిట్టి బ్రదుకు బ్రదుకువారిలో జాజ్ సంగీతమును సాక్సొఫోన్‌పై వాయించువారు ముఖ్యులు. సాక్సొఫోన్ బెల్జియము దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ కల్పించిన వాద్యము. 1846వ సంవత్సరమున పారిస్ నగరమున దానికి హక్కుపత్రమును బొందెను. దాని యొడలు ఇత్తడిదే యైనను, నోటియొద్ద నమర్చిన రెల్లుబద్ద యదరుటచే శబ్దము పుట్టును గనుక దానిని క్లారినెట్ మొదలగువాని కుటుంబముననే చేర్చుదురు. జాజ్ 20వ శతాబ్ద్యారంభమున అమెరికాదేశపు న్యూ ఆర్లియన్స్ నగరమున నల్లజాతివారి నడుమ పెరిగిన సంగీతము. తెలిసిన పాట నొకదానిని దీసికొని, లయ తప్పక, వాదకుడు అప్పటికప్పుడు క్రొత్త స్వరముల నల్లుకొని పోవుట దాని ప్రాణము. మన నెరవును, కల్పనస్వరమును ఎఱిగిన చెవికి అది దూరపు చుట్టమువలె తోచును. ఆ వాదకుడు ఒక సాయంకాలము ఒక మేళములోను, మఱునాడు మఱియొక మేళములోను వాయించును. పగటివేళ పిల్లలకు పాఠములు చెప్పును. అతనికి యజమాని లేడు. అతనికి పింఛనును లేదు.

తెలుగునాట పుట్టి, ఇట్టి స్వతంత్రవృత్తిని లోకమంతట నడపి, జాజ్ వేదికలపై సైతము మన రాగమును నిలిపిన వారు ఉప్పలపు శ్రీనివాసు గారు. మాండొలిన్ శ్రీనివాసని లోకమంతయు వారి నెఱుగును. ఆయన 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించిరి. మన కృష్ణామండలమునకు ఆయనతో నొక ప్రత్యేకమైన సంబంధమున్నది. ఆయన మొదటి కర్ణాటక సంగీత కచేరి 1978లో మన గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవములలో జరిగినది. అప్పటికి బాలునకు తొమ్మిదేండ్లు.

మాండొలిన్ ఇటలీదేశమున వృద్ధి చెందిన చిన్న తంత్రీవాద్యము. నాలుగు జతలుగా ఎనిమిది తీగెలుండును; చిన్న బద్దతో మీటుదురు. సినిమా మేళములలో దానిని వాయింతురు గాని కర్ణాటక కచేరీకి అది పనికివచ్చునని నాటివారికి తోచలేదు. తండ్రి సత్యనారాయణ గారు సంగీతము నేర్చినవారు. ఆరేండ్ల ప్రాయమున బాలుడు తండ్రి మాండొలిన్‌ను చేపట్టి వాయింపజొచ్చెను. తండ్రి దానిని చూచి కోపింపక, బాలునకు వేఱొక మాండొలిన్ కొనియిచ్చి తానే పాఠము మొదలిడెను. గిటారు వాదకులైన వాసూరావు గారు బాలునకు పాశ్చాత్య సంగీతపు రుచి చూపిరి. పిదప తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ బాలుని శిష్యునిగా స్వీకరించిరి. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతారు గారి శిష్యులు.

ఇచ్చట పాఠికలు ఒక్క క్షణము నిలువవలెనని మా కోరిక. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు ఆ పాడినదానిని తీగెపై పలికించెడివాడు. అంతియే పాఠము. వాద్యము తెలియని గురువు వాద్యము నేర్పుట విపరీతముగా తోచవచ్చును గాని, ఈ శిష్యుని భాగ్యమంతయు ఇందే యున్నదని మా తలంపు. మాండొలిన్ తెలిసిన గురువు దొరకియున్నచో వ్రేలు ఇచ్చట పెట్టుము, అచ్చట తీయుము అని అప్పటివఱకు అందఱు వాయించు తీరునే నేర్పియుండును. ఈ బాలునకు అనుకరించుటకు వ్రేళ్లు కనబడలేదు. కంఠము మాత్రమే వినబడినది. గురువు తోడిరాగములో గాంధారము నూచినచో, ఆ యూపును మెట్లు బిగించిన వాద్యముపై తానే వెదకికొనవలసి వచ్చెను. అట్లు వెదకగా వెదకగా నంతకుముందు ఎవరును వాయింపని వాదనపద్ధతి యొకటి పుట్టినది. గురువు ఇచ్చినది సంగీతము. దారి శిష్యుడు త్రొక్కినది.

గుడివాడ కచేరి జరిగినపిదప కుటుంబము మదరాసునకు తరలినది. ఇల్లు కదలించుట యన నేమో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తెలిసిన అంగడియు, బదులిచ్చు ఇరుగుపొరుగును, పండుగకు వచ్చు బంధువులును అన్నియు వెనుకబడిపోవును. ఒక పసివాని వ్రేళ్లను నమ్మి పట్టణమునకు పోయిన కుటుంబమునకు ధైర్యము లేకున్న ఆ వ్రేళ్లు పాలకొల్లులోనే మిగిలిపోయియుండెడివి. అటులే సాహసించి పోయి, వెలుగులోనికి రాక వెనుదిరిగిన కుటుంబములు ఎన్ని యుండునో ఎవరును లెక్క వ్రాయలేదు. గెలిచినవాని కథనే లోకము చెప్పుకొనును. ఇది మనము మఱవరాదు.

మదరాసున 1981 డిసెంబరు సంగీతోత్సవములలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై ఆయన వాయించిరి. విన్నవారు ఆశ్చర్యపడిరి, పెదవి విఱచినవారును లేకపోలేదు. సినిమా పాటల వాద్యము కచేరీకెక్కుట యేమని వారి యాక్షేపణ. ఆ యాక్షేపణకు జవాబు మన సంగీతచరిత్రలోనే యున్నది. నేడు వయొలిన్ లేని కర్ణాటక కచేరిని మన మూహింపగలమా? అది ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమున ప్రవేశపెట్టిన మొదటివారిలో నొకరు. 1919లో విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యులై చేరిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి చేతిలో ఆ ఐరోపా వాద్యము తెలుగు మాటలాడినది. కోడలు ఏ యూరినుండి వచ్చినను, ఈ యింటి మర్యాద యెఱిగి మసలినచో ఇంటిదే యగును కదా!

అయినను మర్యాద నేర్చుకొనుటకు మాండొలిన్ కొంత మాఱవలసి వచ్చినది. మన రాగమునకు గమకము ప్రాణము. స్వరము ఊగవలెను, జారవలెను, సాగవలెను. మాండొలిన్ తీగెను మీటినచో పలుకు వెంటనే యణగిపోవును. జంట తీగెలగుటచే ప్రక్కకు లాగి యూపుటయు కష్టము. శ్రీనివాసు గారు జంటలను విడిచి ఒంటి తీగెలు, అవియును ఐదు, ఉండునట్లు చేయించుకొనిరి. విద్యుచ్ఛక్తితో పలుకు మాండొలిన్‌ను చేపట్టిరి. అందువలన మీటిన స్వరము చాలసేపు నిలిచినది. ఐదవ తీగెతో మంద్రస్థాయి విరివియైనది. గురువు కంఠమునుండి విన్న దీర్ఘస్వరమునకు అప్పుడు తీగెపై తావు దొరకినది. సంగీతము వాద్యమునకు లొంగలేదు. వాద్యమే సంగీతమునకు లొంగినది.

1983లో పశ్చిమ బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవమునకు ఆయనకు పిలుపు వచ్చెను. కౌమారమింకను దాటని తెలుగు బాలుడు ఆ వేదికపై కర్ణాటక సంగీతమునే వాయించెను. శ్రోతలు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. నియమించిన వేళ ముగిసినను విడువక మఱల వాయింపించుకొనిరి. ఆ శ్రోతలలో ననేకులకు మన రాగముల పేర్లయినను తెలిసియుండవు. అప్పటికప్పుడు అల్లుటలోని సాహసమును, లయపై పట్టును వారు తమ జాజ్‌లో నెఱిగియున్నవారు. ఆ యెఱుకయే దుబాసియైనది.

అటుపిమ్మట ఆయన వృత్తి రెండు పాయలుగా పాఱినది. ఒక పాయ మన సభలు, ఆలయములు, ఆరాధనోత్సవములు. పదునైదేండ్లకే తమిళనాడు ఆస్థాన విద్వాంసులైరి. 1998లో పద్మశ్రీ బిరుదమును బొందిరి. రెండవ పాయ విదేశ విద్వాంసులతోడి సహవాదనము. కెనడాదేశపు మైకేల్ బ్రూక్‌తో గూడి చేసిన ‘డ్రీమ్’ అను సంపుటము 1995లో వెలువడినది. ఆంగ్లేయ జాజ్ గిటారు వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసులు జాకిర్ హుస్సేన్ గారు నడిపిన ‘రిమెంబర్ శక్తి’ మేళములో చేరి దేశదేశములు తిరిగిరి. ఏ మేళమునందున్నను ఆయన తన బాణిని మార్చుకొనలేదు. జాజ్ వారితో కూర్చుండినపుడు జాజ్‌ను అనుకరింపక, తాను నేర్చిన రాగముతోనే వారికి బదులు చెప్పెడివారు. పొరుగింటికి పోయినపుడు తన యింటి భాషలోనే ప్రియముగా మాటలాడు మనిషికి ఎక్కువ గౌరవము లభించుట మనము చూచుచునే యున్నాము.

పొరుగు రాష్ట్రమున ఇట్టిదే మఱియొక జీవితమున్నది. కర్ణాటక రాష్ట్రపు దక్షిణ కన్నడ మండలమున 1949లో బుట్టిన కద్రి గోపాలనాథు గారు నాగస్వర విద్వాంసుని కుమారులు. మైసూరు రాజభవనపు బాండు మేళములో సాక్సొఫోన్‌ను చూచి మనసుపడి, దానిపై కర్ణాటక సంగీతమును పలికించుటకు చాల యేండ్లు శ్రమించిరి. మీటలతో స్వరములు విడివిడిగా పలుకు ఆ వాద్యమున గమకము రావలెనన్నచో పెదవి యదుమును, ఊపిరిని, మీటను సగము మూయు నేర్పును ఒక్కటి కావలెను. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున అమెరికాదేశపు సాక్సొఫోన్ వాదకుడు జాన్ హ్యాండీ ఆయన వాదనమును విని, తానును వేదికపై చేరి వాయించెను. 1994లో లండను రాయల్ ఆల్బర్ట్ హాలున బీబీసీ వారి ప్రామెనేడ్ కచేరీలలో గోపాలనాథు గారు వాయించిరి. కర్ణాటక విద్వాంసులలో ఆ గౌరవము మొదట వారికే దక్కినది. 2019లో మంగళూరున వారు పరమపదించిరి.

శ్రీనివాసు గారు అంతకు ముందే, 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున, నలుబదియైదవ యేట కన్నుమూసిరి. అంత చిన్నవయసున పోయినను ఆయన విద్య ఆయనతో పోలేదు. పిలుపు వచ్చిన దేశమునకెల్ల పోవుచు నడుమ నడుమ శిష్యులకు పాఠములు చెప్పియుండుటయే దానికి కారణము. తమ్ముడు రాజేశు గారు ఆయనయొద్దనే నేర్చి, ఆయన ప్రక్కన కూర్చుండి వాయించి, తామును ప్రసిద్ధులైరి. కచేరీ సంపాదన ఆ రాత్రితో ముగియును. పాఠపు సంపాదన శిష్యుని వ్రేళ్లలో నిలిచియుండును. పాలకొల్లులో పాడి నేర్పిన సుబ్బరాజు గారి కంఠము బెర్లినువఱకు వినబడినది. ఆయన స్వయముగా అచ్చటికి పోవలసిన పనియే లేకపోయినది.

ఇక మన ప్రశ్నకు వత్తము. సంగీతము కూడు పెట్టునా? అందఱికిని పెట్టదు. ఈ మాటను దాచి పొగడ్తలు వ్రాయుట పాఠికలకు ద్రోహము చేయుటయే. స్వతంత్ర విద్వాంసుని యేడాది మన రైతు యేడాదివంటిది. దసరా, మార్గశిరము, త్యాగరాజ ఆరాధనలు జరుగు పుష్యము, శ్రీరామనవమి, పెండ్లి ముహూర్తములు – ఇవి పంట దినములు. మూఢము, ఆషాఢము, వానలు – ఇవి గాదెను చూచుకొని తినవలసిన దినములు. పంట దినములలో వచ్చినది మూఢమువఱకు మిగుల్చుట తెలిసిన గృహిణి యింటనున్నచో విద్వాంసుడు తల యెత్తుకొని తిరుగును. లేనిచో ఎంత విద్వాంసుడైనను అప్పులవారి గుమ్మము కాచును. కావుననే పాఠమును రెండవ కాడియెద్దని మొదట చెప్పితిమి. నెలనెల నలుగురు పిల్లలకు చెప్పు పాఠము కొంచెముగా నైనను తప్పక వచ్చు రాబడి. 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఎందఱో కళాకారులకు పరీక్షలు జరిపి, తరగతి నిర్ణయించి, పాడించి పారితోషికము లిచ్చినది. సంగీత కళాశాల పట్టము పొందినచో బడులలో కొలువును దొరకవచ్చును. ఇవన్నియు బండికి చీలలవంటివి.

బిడ్డకు విద్య కనబడినపుడు తల్లులు గమనింపదగినవి మాకు తోచినంతవఱకు విన్నవింతుము. ఖరీదైన వాద్యమును వెదకుటకంటె మంచి గురువును వెదకుట మేలు. పాడగల గురువు దొరకినచో ఏ వాద్యమైనను లొంగును. చదువును మాన్పింపరాదు; తెల్లవారుజామున ఒక గంట సాధనకు ఏ పరీక్షయు అడ్డురాదు. బిడ్డ నాలుగు కీర్తనలు నేర్వగనే వేదికలెక్కించి చప్పట్లకు అలవాటు చేయుట లేతకొమ్మకు బరువు కట్టుటవంటిది. శ్రీనివాసు గారు తొమ్మిదేండ్లకే వేదిక నెక్కిరి కదా యని వాదింపవచ్చును. ఆయన యెక్కుటకు ముందు కొన్ని యేండ్ల సాధన, మంచి గురువు, సంగీతము తెలిసిన తండ్రి ఉండిరి. ఆ మూడును కుదిరినవో లేవో చూచుకొనుడు.

కడపట ఆడుబిడ్డల మాట. మన యిండ్లలో ఆడుపిల్లకు సంగీతము నేర్పుట కలదు. పెండ్లిచూపులనాడు ఒక కీర్తన పాడింతురు. వియ్యాలవారు తల యూపుదురు. తలంబ్రాలు పడినపిదప వీణకు గవిసెన తొడిగి అటకమీద పెట్టుదురు. ఎలుకలు తీగెలు కొఱికిన తరువాత దించి చూచి నిట్టూర్చిన ఇల్లాండ్రను మేమెఱుగుదుము. పది పండ్రెండేండ్లు నేర్చిన విద్య ఒక్క సాయంకాలపు పరీక్షకొఱకేనా? సాక్సొఫోన్ మగవారి యూపిరికే లొంగునని తలచువారు కద్రి వారి శిష్యురాండ్రైన లావణ్య, సుబ్బలక్ష్మి అను అక్కచెల్లెండ్రను వినవలెను. మాండొలిన్‌పై జంటగా కచేరీలు చేసి శ్రీఉష, శిరీష అను సోదరీమణులును పేరొందిరి. దేశములు తిరుగుట అందఱికిని సాధ్యము కాదు. చాప పఱచి నలుగురు పిల్లలకు సరళీస్వరములు చెప్పుట ఏ యింటనైనను సాధ్యమే. ఇల్లు కదలనక్కఱలేని వృత్తి గృహిణికి ఇంతకంటె నేమున్నది?

కావున “సంగీతము కూడు పెట్టునా?” యని యడుగు తల్లికి మా జవాబిది: బిడ్డకు శ్రద్ధయు, గురువునకు విద్యయు, ఇంటికి ఓర్పును ఉన్నచో పెట్టవచ్చును, పెట్టకపోయినను, నేర్చినది మఱియొక బిడ్డకు నేర్పుటకు మిగులును. అల్లుని వెదకునపుడు జీతమెంత, భూమి యెంత యని యడుగునట్లే “మా పిల్ల తెల్లవారుజామున సాధన చేసికొనును, సాయంకాలము నలుగురికి పాఠము చెప్పును, మీకు సమ్మతమేనా?” యని యీ యొక్క మాటయు అడుగుడు. లగ్నపత్రిక వ్రాయుటకు ముందే యడుగుడు.